ఆటపెట్టెకు గొంతు

ఇంట్లో కట్టుకొనే వీడియో ఆటల పెట్టెకు బొమ్మ సులువుగానే వస్తుంది, గొంతు మాత్రం అంత సులువుగా రాదు. దానికి కావలసినది పెద్ద యాంప్లిఫయరు కాదు. గాలి చొరని చెక్కపెట్టె, సరిగా కలిపిన తీగె, నమ్మదగిన ఎర్తు.

నాణెం వేసి, నిలబడి ఆడే నిలువెత్తు వీడియో ఆటల పెట్టెలు ఒక తరం పిల్లలను మంత్రముగ్ధులను చేశాయి. ఆ పెట్టెలు ఇప్పుడు చాలావరకు కనుమరుగైనవి. ఐతే వాటిని మళ్లీ స్వహస్తాలతో కట్టుకోవాలనే కోరిక మాత్రం ప్రపంచంలో చాలా చోట్ల చిగురించింది. నాలుగు ప్లైవుడ్ పలకలు, ఒక పాత కంప్యూటరు తెర, రెండు జాయ్‌స్టిక్కులు, పన్నెండు మీటలు, అరచేతిలో ఇమిడే ఒక కంప్యూటరు ఉంటే చాలు, పాత ఆటలన్నీ కళ్లముందు ప్రత్యక్షమవుతాయి.

కట్టినవారికి తొలి నిరాశ ఎదురయ్యేది ధ్వని దగ్గరే. తెరమీద బొమ్మ చక్కగా కదులుతూ ఉంటుంది. స్పీకరు మాత్రం డబ్బాలో పడిన కందిరీగలా రొద పెడుతుంది. మోత పెంచితే చెక్కలు గిలకలాడుతాయి. తగ్గిస్తే వెనుక నుంచి ఎడతెగని గుర్రుమనే శబ్దం వినిపిస్తుంది. అప్పుడు చాలామంది బజారుకు పరుగెత్తి ఇంకా పెద్ద యాంప్లిఫయరు కొంటారు. దానితో రోగం నయం కాదు. రోగమే మరింత బిగ్గరగా వినిపిస్తుంది.

రైలుపట్టణం నేర్పిన చేతిపని

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూరు పొలిమేరలో సాలువా అనే ఊరున్నది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళానికి అది కేంద్రస్థానం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944-45 సంవత్సరాలలో, అమెరికన్ వైమానిక దళం అక్కడ ఒక విమానాశ్రయాన్ని నడిపింది. సాలువాకు అన్ని అవసరాలూ తీర్చే పట్టణం మాత్రం ఖరగ్‌పూరే. ఆ ఖరగ్‌పూరుకు తెలుగువారితో ఉన్న అనుబంధం నూరేళ్లకు పైబడినది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1900 ప్రాంతంలో ఖరగ్‌పూరులో పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. ఆ కంపెనీ రైలుదారి దక్షిణాన వాల్తేరు దాకా సాగింది. ఆ దారి వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో తరలివెళ్లి ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగుమన్లుగా స్థిరపడినవి. 1955లో ఆ మార్గం ఆగ్నేయ రైల్వేలో చేరింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాష హోదా ఇవ్వడానికి తీర్మానించినదంటే, అందుకు ప్రధాన కారణం ఖరగ్‌పూరు తెలుగువారే.

ఇంజను బాగుచేసే పట్టణంలో బరమా, ఆకురాయి, టంకపు కడ్డీ పరాయి వస్తువులు కావు. రెండు లోహపు రేకుల మధ్య గాస్కెట్ పెట్టకపోతే ఆవిరి తప్పించుకొంటుందని, మరమేకు వదులైతే బండి మొత్తం మొత్తుకొంటుందని అక్కడి వృత్తి కుటుంబాలకు వేరే చెప్పనవసరం లేదు. ఆటపెట్టెకు మంచి గొంతు రావడానికి కావలసిన విజ్ఞానం కూడా సరిగ్గా అటువంటిదే. సాలువాలోని ఒక మామూలు ఇంటిలో అలాంటి పెట్టెను కట్టదలచినవారు కావలసిన సామగ్రిలో అధికభాగాన్ని ఖరగ్‌పూరు గోల్‌బజారులో సమకూర్చుకోవచ్చును. అక్కడ దొరకని ఎలక్ట్రానిక్ భాగాల కోసం సుమారు 115 కిలోమీటర్లు రైలులో ప్రయాణించి హౌరాలో దిగి, కలకత్తా చాందినీ చౌక్ దుకాణాలను ఆశ్రయించవచ్చును.

మొదటిదీ చేతితో కట్టినదే

ఇంట్లో కట్టిన పెట్టె అసలు పెట్టెకు నకలు మాత్రమేనని భావించనక్కరలేదు. వీడియో ఆటల పరిశ్రమకు నాంది పలికిన పెట్టెలలో ఒకటి కూడా అలా చేతితో కట్టినదే. 1972లో అమెరికాలోని అటారీ సంస్థలో అలన్ ఆల్కార్న్ అనే యువ ఇంజనీరు ‘పాంగ్’ అనే ఆటను రూపొందించాడు. దుకాణంలో కొన్న ఒక మామూలు నలుపు తెలుపు టెలివిజన్‌ను చెక్కపెట్టెలో అమర్చి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక మద్యశాలలో దానిని నిలబెట్టారు. కొద్దిరోజులకు అది పనిచేయడం లేదని కబురు వచ్చింది. వెళ్లి చూస్తే నాణేలు నిండిపోయి పెట్టె మొరాయించినదని తేలింది.

ఆ ఆటలో బంతి తగిలినప్పుడు వినిపించే ‘టక్’మనే శబ్దానికి ఒక కథ ఉన్నది. సంస్థ అధిపతి నోలన్ బుష్నెల్ ప్రేక్షకుల హర్షధ్వానాలు కావాలని కోరాడు. అందుకు తగిన భాగాలు ఆల్కార్న్ వద్ద లేవు. తెరమీద బొమ్మను నిలకడగా నిలిపే సర్క్యూట్‌లో అప్పటికే పుడుతున్న కంపనాలను వెదకి, వాటిలో చెవికి నచ్చినవాటిని స్పీకరుకు కలిపాడు. ఖర్చు దాదాపు శూన్యం. ఐనా ఆ శబ్దం ప్రపంచానికంతకూ గుర్తుండిపోయింది.

1978లో జపాన్‌లో తోమొహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ మరొక అడుగు ముందుకు వేసింది. అందులో మెట్లు దిగుతున్నట్లు సాగే నాలుగు మంద్రస్వరాలు ఆగకుండా మోగుతూ ఉంటాయి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారి నడక, దానితోపాటు ఆ స్వరాల వేగం కూడా పెరుగుతాయి. ఆడేవాని గుండె కూడా అదే తాళానికి కొట్టుకోనారంభిస్తుంది. భయాన్ని కలిగించేది బొమ్మకన్న ఎక్కువగా ఆ శబ్దమే. ఆ నాలుగు స్వరాలు వినిపించకపోతే ఆ ఆటకు ప్రాణం లేనట్లే. స్పీకరును సరిగా బిగించకపోతే ముందుగా మాయమయ్యేవి కూడా అటువంటి మంద్రస్వరాలే.

ఆ తరువాత కంప్యూటర్లు ఇండ్లలోకి వచ్చాయి. నాణేల పెట్టెలు క్రమంగా మూలపడ్డాయి. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా ‘మేమ్’ అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. పాత పెట్టెలలోని సర్క్యూట్ల ప్రవర్తనను అది మామూలు కంప్యూటరులో అనుకరిస్తుంది. 2012లో రాస్ప్‌బెర్రీ పై అనే చవక కంప్యూటరు వచ్చింది. ఇంటి వడ్రంగం మళ్లీ ఊపందుకొన్నది.

ఎన్ని వాట్లు కావాలి?

ఖరగ్‌పూరు స్టేషనులోని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోనే పొడవైనదిగా పేరుపొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించాయి. అంతటి పొడవున ప్రయాణికులందరికీ ప్రకటన వినిపించాలంటే ఒక కొసన ఒక పెద్ద స్పీకరు పెడితే ప్రయోజనం లేదు. దగ్గరున్నవారి చెవులు చిల్లులు పడతాయి. దూరాన ఉన్నవారికి ఏమీ అర్థం కాదు. వినేవారికి దగ్గరగా, వరుసగా చిన్న స్పీకర్లు పెట్టడమే సరైన పద్ధతి. దూరం రెట్టింపైతే ఆరుబయట ధ్వని తీవ్రత 6 డెసిబెల్స్ పడిపోతుందన్న సూత్రమే దీనికి ఆధారం.

ఆటపెట్టె విషయంలో ఈ సూత్రం మనకు అనుకూలంగా పనిచేస్తుంది. ఆడేవాని చెవి స్పీకరుకు 60 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. 4 అంగుళాల మామూలు స్పీకరుకు ఒక వాటు విద్యుత్తు ఇస్తే ఒక మీటరు దూరంలో సుమారు 88 డెసిబెల్స్ ధ్వని వస్తుంది. 60 సెంటీమీటర్ల వద్ద అది 92 డెసిబెల్స్ దాటుతుంది. రద్దీ వీధిలోని రొదకన్న అది ఎక్కువ. అంటే ఒక్క వాటుతోనే పెట్టె గట్టిగా అరవగలదు. వాట్లను రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది స్వల్పమైన తేడాగానే తోస్తుంది. కనుక ఒక్కొక్క స్పీకరుకు 10 వాట్ల యాంప్లిఫయరు ఉంటే, అకస్మాత్తుగా వచ్చే పేలుళ్ల శబ్దాలను కూడా చెదరకుండా వినిపించగల శక్తి మిగిలే ఉంటుంది.

బజారులో డబ్బాలమీద కనిపించే వేల వాట్ల అంకెలను చూసి మోసపోరాదు. ఒక చిన్న లెక్క చాలును. యాంప్లిఫయరుతో ఇచ్చే అడాప్టరుమీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉన్నదనుకొందాం. 12ను 2తో గుణిస్తే 24. ఆ అడాప్టరు నిలకడగా ఇవ్వగలిగినది 24 వాట్లే. అందులో కొంత వేడిగా పోతుంది. లోపలికి 24 వాట్లు పోతున్నప్పుడు బయటికి 1000 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? పి.ఎం.పి.ఓ. అనే అక్షరాలతో ప్రకటించే అంకెలు క్షణమాత్రపు ఊహాజనిత శక్తికి సంబంధించినవి. ఆర్.ఎం.ఎస్. అనే అక్షరాలతో ఇచ్చే అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

మనదేశంలో యాంప్లిఫయర్లు కట్టే అభిరుచి కలవారికి ఎల్.ఎ. 4440, టి.డి.ఎ. 2030 అనే ఐ.సి.లు చిరపరిచితాలు. మొదటిది రెండు స్పీకర్లకు ఒక్కొక్కదానికి 6 వాట్ల చొప్పున ఇస్తుంది. ఆటపెట్టెకు అదే సరిపోతుంది. వాటికి వేడిని బయటికి పంపే అల్యూమినియం రేకు తప్పనిసరి. ఈనాటి డి-తరగతి యాంప్లిఫయర్లు విద్యుత్తును తక్కువగా వృథా చేస్తాయి, అంతగా వేడెక్కవు. పి.ఎ.ఎం. 8403 అనే చిన్నది 5 వోల్టులతో నడిచి ఒక్కొక్క వైపుకు 3 వాట్ల దాకా ఇస్తుంది. ఇంకా శక్తి కావలసినవారికి టి.పి.ఎ. 3116 ఉన్నది. ఈ రెండింటిలోనూ స్పీకరుకు పోయే రెండు తీగెలలోనూ సంకేతం ఉంటుంది. కనుక రెండు స్పీకర్ల ఋణధ్రువాలను ఒకటిగా ముడివేయరాదు, వాటిని ఎర్తుకు కలపరాదు. అలా చేస్తే యాంప్లిఫయరు దెబ్బతినే ప్రమాదమున్నది.

స్పీకరులో సగం చెక్కే

స్పీకరును చేతిలో పట్టుకొని పాట వింటే అది పీలగా వినిపిస్తుంది. దానినే ఒక అట్టపెట్టె రంధ్రానికి ఆనించి పట్టుకొంటే స్వరం ఒక్కసారిగా నిండుగా మారుతుంది. ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు. స్పీకరు కాగితపు శంకువు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది. అదే క్షణంలో వెనుకనున్న గాలిని పలుచన చేస్తుంది. ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకొంటే ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి.

ధ్వని సెకండుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకండుకు 1000 కంపనాల స్వరానికి అల పొడవు 34 సెంటీమీటర్లు. 100 కంపనాల మంద్రస్వరానికి దాదాపు 3.4 మీటర్లు. పొట్టి అలలకు చిన్న పలక అడ్డం చాలును. పొడవైన అలలు ఆ పలకను అవలీలగా చుట్టివస్తాయి. అందుకే అడ్డం లేని స్పీకరులో మంద్రస్వరాలు ముందుగా నశిస్తాయి. ముందుగాలిని, వెనుకగాలిని వేరుచేయడమే స్పీకరు పెట్టె చేసే మొదటి పని.

ఆటపెట్టె చూడడానికి పెద్ద డబ్బాయే గాని స్పీకరు దృష్టిలో అది జల్లెడ. మీటల రంధ్రాలు, తెర చుట్టూ సందులు, వెనుక తలుపు, గాలి కోసం వదిలిన కంతలు, ఇన్నింటి గుండా వెనుకగాలి తప్పించుకొంటుంది. అందుకు విరుగుడుగా స్పీకరు వెనుక ఒక చిన్న చెక్కడబ్బాను విడిగా కట్టాలి. 4 అంగుళాల స్పీకరుకు 3 నుంచి 5 లీటర్ల డబ్బా సాధారణంగా సరిపోతుంది. లోపలి కొలతలు 15, 15, 18 సెంటీమీటర్లు ఉంటే సుమారు 4 లీటర్లు వస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడి, కీళ్లన్నింటికీ జిగురు పట్టించి, మరమేకులతో బిగించాలి. తీగె బయటికి వచ్చే రంధ్రాన్ని కూడా లప్పంతో మూయాలి. లోపల పాలియెస్టర్ దూదిని వదులుగా నింపితే డబ్బాలో మారుమోగే గోల తగ్గుతుంది.

నాణేల పెట్టెలలో స్పీకరును సాధారణంగా తెరకు పైన, ఆట పేరుండే దీపపుపలక కింద, ఆడేవాని ముఖం వైపు వంచి బిగించేవారు. ఇంటి పెట్టెకూ ఆ స్థానమే ఉత్తమం. రంధ్రం కోసే ముందు స్పీకరు చట్రం వెలుపలి కొలతను గాక, శంకువు చుట్టూ ఉండే లోపలి అంచును కొలవాలి. లేకపోతే స్పీకరు రంధ్రంలో నుంచి జారి అవతల పడుతుంది. చట్రానికి, చెక్కకు మధ్య పలుచని స్పంజి లేదా రబ్బరు పట్టీ పెట్టాలి. ఆవిరి గొట్టం కీలుకు గాస్కెట్ ఎలాంటిదో, స్పీకరుకు ఈ పట్టీ అలాంటిది. పిల్లల వేళ్లు శంకువును పొడవకుండా ముందు ఇనుప జాలీ బిగించాలి.

పాత గాజుగొట్టపు తెర వాడేవారు మరొక విషయం గమనించాలి. స్పీకరు వెనుకనున్న అయస్కాంతం ఆ తెరమీద రంగుల మచ్చలు తెప్పిస్తుంది. కవచం గల స్పీకర్లు వాడాలి. లేదా దూరంగా బిగించాలి. ఎల్.సి.డి. తెరకు ఈ బాధ లేదు.

ధన ఋణాలు, ఓములు

స్పీకరుమీద 4 లేదా 8 ఓములు అని రాసి ఉంటుంది. ఓములు తగ్గేకొద్దీ యాంప్లిఫయరు మీద భారం పెరుగుతుంది. రెండు 8 ఓముల స్పీకర్లను పక్కపక్కన, అంటే సమాంతరంగా కలిపితే 4 ఓములవుతుంది; వరుసగా ఒకదాని తరువాత ఒకటి కలిపితే 16 అవుతుంది. రెండు 4 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 2 ఓములే మిగులుతుంది. మామూలు యాంప్లిఫయరు అంత భారాన్ని మోయలేదు. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున విడివిడిగా ఇవ్వడమే క్షేమకరం.

పాత ఆటలు అనేకం ఒకే స్పీకరును ఉద్దేశించినవి. రెండు వైపుల ధ్వనిని ఒకే స్పీకరుకు ఇవ్వదలచినవారు కంప్యూటరు నుంచి వచ్చే ఎడమ, కుడి తీగెలను సూటిగా ముడివేయరాదు. ఒక్కొక్క తీగెకు 1000 ఓముల రెసిస్టరును కలిపి, ఆ తరువాతనే జతచేయాలి.

రెండు స్పీకర్లు ఉన్నప్పుడు ధన ఋణాలు తారుమారు కాకూడదు. ఒకటి గాలిని నెడుతున్నప్పుడు రెండవది లాగితే మంద్రస్వరాలు పరస్పరం చంపుకొంటాయి. పరీక్ష చాలా సులభం. 1.5 వోల్టుల టార్చిసెల్లును స్పీకరు కొసలకు ఒక్క క్షణం తాకించాలి. సెల్లు ధనధ్రువం స్పీకరు ధనధ్రువానికి తగిలినప్పుడు శంకువు ముందుకు ఉబుకుతుంది. రెండు స్పీకర్లూ ఒకేవిధంగా ఉబికేటట్లు గుర్తుపెట్టుకొని కలపాలి. స్పీకరు తీగెకు వేల రూపాయలు వెచ్చించనక్కరలేదు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె రెండు మీటర్ల దూరానికి రానుపోను కలిపి 0.1 ఓముకన్న తక్కువ నిరోధమే చూపుతుంది.

ధ్వనిని హెచ్చించి తగ్గించే గుండీ పెట్టె వెలుపల, చేతికి అందేచోట ఉండాలి. దానికి ‘ఎ’ గుర్తు గల లాగరితమిక్ కంట్రోలును అడగాలి. మన చెవి ధ్వనిని రెట్ల లెక్కన గ్రహిస్తుంది. మామూలు కంట్రోలు పెడితే మొదటి పావు తిప్పులోనే మోతంతా వచ్చేస్తుంది. మిగిలిన ముప్పావు వృథా.

గుర్రుమనే దయ్యం

ఆట ఆగినప్పుడు కూడా వినిపించే గుర్రు సాధారణంగా ఇంటి విద్యుత్తు నుంచి వస్తుంది. మన విద్యుత్తు సెకండుకు 50 పూర్తి కంపనాలు చేస్తుంది. ఆ కంపనం సన్నని సంకేతపు తీగెలోకి చొరబడితే యాంప్లిఫయరు దానిని కూడా నమ్మకంగా పెద్దది చేసి వినిపిస్తుంది. కంప్యూటరు నుంచి వచ్చే సంకేతం వోల్టులో మూడవ వంతు మాత్రమే. పక్కన పోయే తీగెలో 230 వోల్టులుంటాయి. ఏనుగు పక్కన చీమ నడిచినట్లు!

అందుకే సంకేతపు తీగెను విద్యుత్ తీగెకు దూరంగా నడపాలి. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి, జంటగా నడపరాదు. సంకేతానికి లోహపు అల్లిక కప్పిన షీల్డు తీగెనే వాడాలి. మీట నొక్కినప్పుడల్లా, బొమ్మ కదిలినప్పుడల్లా కీచుమనే శబ్దం వస్తున్నదంటే కంప్యూటరూ, యాంప్లిఫయరూ ఒకే 5 వోల్టుల సరఫరాను పంచుకొంటున్నాయన్నమాట. యాంప్లిఫయరుకు వేరే అడాప్టరు ఇస్తే ఆ జబ్బు చాలావరకు నయమవుతుంది. అప్పటికీ పోకపోతే సంకేతపు దారిలో ఒక చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరును పెట్టవచ్చును. అది శబ్దాన్ని పోనిస్తుంది, తీగెల మధ్య లోహసంబంధాన్ని తెంచుతుంది.

కంప్యూటరులో ధ్వనిని ముప్పావు పైగా పెంచి ఉంచి, యాంప్లిఫయరు గుండీతోనే హెచ్చుతగ్గులు చేసుకోవడం మంచిది. దీనికి విరుద్ధంగా చేస్తే సంకేతం సన్నగా వస్తుంది. దానితోపాటు రొద పెద్దదవుతుంది. రాస్ప్‌బెర్రీ పై పాత నమూనాలలో చెవితీగె దారి నుంచి వచ్చే ధ్వని నాణ్యత అంతంతమాత్రమే. 2023లో వచ్చిన 5వ నమూనాలో ఆ దారే లేదు. యు.ఎస్.బి.కి తగిలించే చిన్న సౌండు కార్డుతో ఈ రెండు కొరతలూ తీరుతాయి.

ప్రాణాలతో చెలగాటం కూడదు

ఇంతవరకు చెప్పినవాటిలో ఏది తప్పినా చెడేది ధ్వని మాత్రమే. ఎర్తు తప్పితే పోయేది ప్రాణం. ఆటపెట్టె ముందు నిలబడేది పిల్లలు. వారి చేతులు చెమటతో తడిసి ఉంటాయి. తరచు వట్టి కాళ్లతో నేలమీద నిలబడతారు. లోపల ఒక తీగె ఊడి మీటల లోహపు పలకకు తగిలితే 230 వోల్టుల విద్యుత్తు వారి దేహం గుండా నేలకు దారి వెదుకుతుంది.

అందుచేత పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. ఎర్తు తీగెను మీటల పలకకు, స్పీకరు జాలీకి, ఇతర లోహభాగాలన్నింటికీ గట్టిగా మరమేకుతో బిగించాలి. స్విచ్చి, ఫ్యూజు ఫేజు తీగెలోనే ఉండాలి. న్యూట్రల్‌లో పెడితే పెట్టె ఆగినట్లు కనిపిస్తుంది గాని లోపల విద్యుత్తు పొంచి ఉంటుంది. 230 వోల్టులు తిరిగే భాగాలన్నింటినీ ఒక మూతగల డబ్బాలో విడిగా ఉంచి, యాంప్లిఫయరు దగ్గరకు అడాప్టరు ఇచ్చే తక్కువ వోల్టులే చేరేటట్లు చూడాలి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే, విద్యుత్తు దారి తప్పి నేలకు పారిన మరుక్షణమే అది సరఫరాను తెంచివేస్తుంది.

ఖరగ్‌పూరు, సాలువా ప్రాంతపు నేల ఎర్రని కంకరనేల. అటువంటి నేల వేసవిలో ఎండిపోయినప్పుడు విద్యుత్తును సులభంగా తనలోకి తీసుకోదు. వానకాలంలో చక్కగా పనిచేసిన ఎర్తు గొయ్యి వైశాఖ మాసంలో పేరుకు మాత్రమే ఎర్తుగా మిగలవచ్చును. బొగ్గు, ఉప్పు నింపిన గొయ్యికి వేసవిలో నీరు పోయడం పాతకాలపు చాదస్తం కాదు. నేల తడిగా ఉంటేనే విద్యుత్తుకు దారి దొరుకుతుంది. పెట్టెను మొదటిసారి వెలిగించే ముందు లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత ఎర్తును పరీక్ష చేయించడం ఉత్తమం.

పాత గాజుగొట్టపు తెర వెనుక ప్లగ్గు తీసిన తరువాత కూడా వేల వోల్టులు నిలిచి ఉండవచ్చును. ఆ పని తెలియనివారు దాని జోలికి పోరాదు.

చెవికీ పొరుగుకూ మర్యాద

ఒక్క వాటుతోనే 92 డెసిబెల్స్ వస్తుందని పైన చెప్పుకొన్నాము. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు. 91కి 2 గంటలు. 94కి ఒక్క గంటే. ఇవి పెద్దవారి కార్మిక జీవితాన్ని దృష్టిలో ఉంచుకొని వేసిన లెక్కలు. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. చెవిలోపలి సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. గుండీ ఎంత తిప్పినా ఒక హద్దు దాటకుండా దాని దారిలో ఒక రెసిస్టరును పెట్టడం తల్లిదండ్రులు చేయగల చిన్న ఉపకారం.

పొరుగువారి నిద్ర కూడా లెక్కలోనిదే. మైకుల మోతమీద 1996లోనే కలకత్తా హైకోర్టు గట్టి ఉత్తర్వులు ఇచ్చింది. ఇష్టం లేనివారి చేత బలవంతంగా శబ్దాన్ని వినిపించే హక్కు ఎవరికీ లేదన్నది ఆ తీర్పులోని సారాంశం. 2000లో దేశమంతటికీ శబ్దకాలుష్య నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్స్ హద్దు. గోడకు గోడ ఆనుకొని ఉండే క్వార్టర్లలో పెట్టెను పొరుగింటి గోడకు ఆనించక, కింద రబ్బరు దిమ్మెలు వేసి ఒక జానెడు ఎడంగా నిలిపితే మంద్రస్వరాలు గోడ గుండా పాకడం బాగా తగ్గుతుంది.

అన్నీ బిగించాక చివరి పరీక్ష ఒకటి మిగులుతుంది. మంద్రం నుంచి తారం దాకా మెల్లగా పాకే స్వరాన్ని కంప్యూటరులో వినిపిస్తూ పెట్టె చుట్టూ చేయి ఆనించి తడమాలి. ఎక్కడ గిలక వినిపిస్తే అక్కడ ఒక మరమేకు వదులుగా ఉన్నదన్నమాట, లేదా ఒక రబ్బరు పట్టీ తక్కువైనదన్నమాట. రైలుపెట్టె చక్రాన్ని సుత్తితో తట్టి, శబ్దాన్ని బట్టి పగులును కనిపెట్టే పనివాని పద్ధతి కూడా ఇదే.

ఆ పరీక్షలో నెగ్గిన పెట్టె కొన్ని వాట్లతోనే నిండుగా మాట్లాడుతుంది. దానికి అయ్యే అదనపు ఖర్చు ఒక ప్లైవుడ్ ముక్క, కొంత జిగురు, నాలుగు మూరల తీగె, ఒక పూట ఓపిక. ఇంట్లోని పిల్లలు దగ్గరుండి ఆ పని చూస్తే ఓము అంటే ఏమిటో, అల అంటే ఏమిటో, ఎర్తు ఎందుకో పరీక్షల కోసం వల్లెవేయనవసరం లేకుండానే తెలుసుకొంటారు. ఆటమీద మోజు కొన్నాళ్లకు తీరిపోవచ్చును. ఆ తెలివి మాత్రం వారి చేతుల్లో నిలిచి ఉంటుంది.